దసరా రోజుల్లో చింతచిగురు

మా దిక్కు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఆరోగ్యం కాదు, "ఏం కూర?" అని. ఆ మాటే నన్ను బయటపడేసింది.

మస్కట్‌లో ఇంటిపనికని జమ్మికుంట ఏజెంటు నన్ను పంపాడు. దిగిన రోజే యజమానురాలు పాస్‌పోర్టు, ఫోను లాక్కుంది. వంటగది పక్కన పడక, బయటినుంచి తాళం. జీతం అడిగితే చెంపదెబ్బ. శుక్రవారం మాత్రం తన ఎదుటే, స్పీకర్ పెట్టి, ఇంటికి ఫోన్ చేయించేది. పక్కన వాళ్ల డ్రైవర్ ఉండేవాడు. తెలుగువాడే. నేనేం మాట్లాడానో ఆమెకు చెప్పడం అతని పని. మనవాడున్నాడని మొదట సంబరపడ్డాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

బతుకమ్మ రోజుల్లో మా అక్క ఎప్పట్లాగే అడిగింది.

"ఏం కూర తిన్నవే?"

"చింతచిగురు పప్పు అక్కా. కడుపునిండ తిన్న."

డ్రైవర్ తలూపాడు. వడ్డిస్తే తినే మనిషికి, ఆ చిగురు ఎండాకాలంలోనే వస్తుందని ఏం తెలుసు? అక్కా నేనూ చిన్నప్పుడు కొమ్మలెక్కి కోసినవాళ్లం. "చింతచిగురా?" అని అక్క మళ్లీ అడిగింది. "మంచిగ తిను బిడ్డా" అని పెట్టేసింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసింది.

తర్వాతి సంగతి అక్క చెప్పగా విన్నాను. మా చర్చి ఆడవాళ్లను వెంటేసుకుని పోయి, ఏజెంటు గేటు ముందే మూడు రాళ్లు పెట్టి ఎసరు పెట్టింది.

"నీ చెల్లె మంచిగున్ననని చెప్పింది గద, జర ఇంటికి పో" అన్నాడట.

"గీ దినాలల్ల చింతచిగురు యాడ దొరికింది దానికి? అది వచ్చేదాక గీడనే వండుత, గీడనే తింట."

పోలీసులను పిలుస్తానన్నాడు, పిలవలేదు. గల్ఫ్ పోదామని అతని దగ్గరికి వచ్చినవాళ్లు పొయ్యి చూసి, సంగతి విని వెనక్కి మళ్లారు. అప్పుడు పుట్టింది అతనికి నా మీద దయ. నా బదులు ఇంకో మనిషిని పంపిస్తానని యజమానురాలిని ఒప్పించి నన్ను రప్పించాడు.

ఆ ఇంకో మనిషి ధర్మపురి దిక్కు పిల్ల అని ఊరికి వచ్చాక తెలిసింది. అక్కా నేనూ ఆమె తల్లిని వెతుక్కుంటూ వెళ్లి అంతా చెప్పాం. ఏజెంటు గేటు ముందు మళ్లీ పొయ్యి పెడదాం, మాతో జమ్మికుంట రమ్మన్నాం.

"నా బిడ్డకేం ఫికర్ లేదు. శుక్రారం శుక్రారం ఫోన్ చేస్తది" అంది. "నీకు పని చేతగాక వచ్చి, దాని నోటికాడి బువ్వ తీస్తవా?"

తలుపు వేసుకుంది. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. నేను పోయిన కొత్తలో మా అవ్వ కూడా శుక్రవారం ఫోన్ వస్తే వాడకట్టంతా చెప్పుకుని మురిసేది.