డిక్కీ మూత కింద బొటనవేలు

వెర్నన్ సడాస్కీ కారు తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకున్నవాళ్లు మా వీధిలో చాలామందే ఉన్నారు. దాని ఎర్ర రంగు అంత నున్నగా ఉండేది. ఊళ్లోని కార్ల ఫ్యాక్టరీలో రంగులు కొట్టే పని చేసి రిటైరయ్యాక, 1969లో తయారైన ఆ మజిల్ కారును, అంటే పెద్ద ఇంజనుతో దూసుకుపోయే బండిని, బోల్టు బోల్టుగా విప్పాడు. పాత రంగంతా గీకేసి పూత మీద పూత వేశాడు. అయినా ఏటా ఆగస్టులో మా ఫ్లింట్ ఊళ్లో ఇటుకలు పరిచిన వీధిలో జరిగే పాత కార్ల పోటీలో అతనికి రెండో బహుమతి దాటలేదు.

"మరీ బాగుందయ్యా, అదే చిక్కు," అన్నాడొకసారి జడ్జీ, టార్చి ఆర్పుతూ. "ఫ్యాక్టరీలో ఇంత బాగా ఎప్పుడు చేశారు? ఆ పాత రంగు ఉంచి ఉంటే ఈ కారు విలువే వేరు."

గీకేసిన రంగు మళ్లీ రాదు. ఆ మాట వెర్నన్ మనసులో ముల్లులా ఉండిపోయింది.

అలాంటి సమయంలో అతని భార్య డోరీన్ తమ్ముడు లైల్‌కు పెద్దత్త పోతూ పోతూ ఒక కారు వదిలి వెళ్లింది. అదే ఏడాదిది, అదే ఎరుపు, అదే ఫ్యాక్టరీ. ఇన్నేళ్లూ గడ్డి కొట్టంలో టార్పాలిన్ కింద పడి ఉంది. ఇంజను మీది నంబరు, చట్రం మీది నంబరు ఒకటే, అంటే ఇంజను కూడా మార్చలేదు. రంగు వెలిసింది గాని ఎవరి చెయ్యీ పడలేదు. పరుపులమ్ముకునే లైల్ జన్మలో పానా పట్టినవాడు కాదు.

ఆ రాత్రి డోరీన్ చేసిన పియరోగీలు, బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయలు, వెర్నన్ పళ్లెంలో చల్లారిపోయాయి.

"వాడికి దొరికితే నువ్వెందుకయ్యా కళ్లల్లో నిప్పులు పోసుకుంటావు?" అంది డోరీన్.

"వాడికి దాని విలువ తెలుసా? కోతికి కొబ్బరిచిప్ప!"

జూలైలో లైల్ ఆ కారును లారీ మీద వేసుకొచ్చాడు. "బావా, దీన్ని కూడా నీ కారులా మెరిపించు. ఈసారి పోటీలో పెడతాను. ఊళ్లో నీకంటే బాగా రంగు కొట్టేవాడెవడున్నాడు?"

వెర్నన్ ఆ వెలిసిన రంగు వంక చూశాడు. వద్దురా అని ఒక్క మాట చాలు. "దింపు. షెడ్డులో పెట్టు," అన్నాడు.

లైల్ వెళ్లాక డోరీన్ మొగుణ్ని నిలేసింది. "రంగు మారిస్తే దాని విలువ పోతుందని వాడికి చెప్పావా?"

"వాడు అడగలేదు."

మర్నాడు పొద్దున్నే ఉప్పుకాగితం నీళ్లలో నానబెట్టాడు. డిక్కీతో మొదలుపెడదామని మూత ఎత్తాడు. లోపలి వైపు ఒక మూల రంగు కారి గడ్డకట్టింది. ఆ గడ్డ మీద బొటనవేలి ముద్ర ఉంది.

"ఏ వెధవ చేసిన పనిది?" అని గొణుక్కున్నాడు. ఆ రోజుల్లో రంగు కారితే ఫ్యాక్టరీ కుర్రాళ్లు మేస్త్రీ చూడకుండా వేలితో అదిమేసి, కారును రంగు ఆరే గదిలోకి తోసేసేవారు. అతను వంగి చూశాడు. ముద్రకు అడ్డంగా ఏటవాలుగా ఒక గీత.

తన ఎడమ బొటనవేలు చూసుకున్నాడు. పదేళ్లప్పుడు మంచు గడ్డకట్టిన చెరువు మీద చేపలు పడుతూ కోసుకున్న గాయం తాలూకు మచ్చ. వేలు ముద్రలో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

డోరీన్ కాఫీ తెచ్చేసరికి బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. ఉప్పుకాగితంలోంచి నీళ్లు బూట్ల మీద కారుతున్నాయి.

"ఏమైంది?"

"ఆ వెధవను నేనే."

"ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిందే. నీకిప్పుడు తెలిసిందా?"

వెర్నన్ కాగితం అవతల పారేసి ఫోను తీశాడు. "ఒరేయ్ లైల్, వచ్చి నీ బండి తీసుకుపో. రంగు కొడితే దాని విలువ పోతుంది. గుడ్డ పెట్టి కూడా తుడవకు."

"మరి మెరుపో బావా?"

"మెరుపు నీ మొహానికి తెప్పించుకో!"

ఆగస్టులో మొదటి బహుమతి లైల్‌దే. జడ్జీ డిక్కీ కింద టార్చి వేసి మురిసిపోతుంటే వెర్నన్ జనాన్ని తోసుకుంటూ వెళ్లి, "ఆ వేలు నాదండీ," అని చెయ్యి చాపాడు. అంతే, ఫోటోలన్నీ ఆ వేలికే. కప్పు పట్టుకున్న లైల్ ఓ పక్కన నిలబడిపోయాడు.

"కప్పు నాకూ, జనం నీకూనా బావా?" అన్నాడు మొహం ముడుచుకుని.

"మార్చుకుందాం పట్టు. కారు నాకిచ్చెయ్. వేలు నువ్వు కోసుకుపో."

లైల్ నవ్వాడు. వెర్నన్ నవ్వలేదు.

ఇంటికి వెళ్తుంటే లైల్ కారు ముందు నత్తలా పోతోంది. వెనక వెర్నన్ కారు మిలమిల మెరుస్తోంది.

"దాటి పోరాదూ?" అంది డోరీన్.

"ఉండనీ," అన్నాడు వెర్నన్. ఆ వెలిసిన డిక్కీ మూత మీంచి చూపు తిప్పుకోలేదు.