మాట్లాడితే ఆరిపోయే సెట్టు

చినబాబు ఉన్నప్పుడు వేటకెళ్లే పొద్దున బోటు బ్యాటరీ గుమ్మంలో దిగేది. రాత్రంతా ఛార్జింగు ఎక్కిన దాన్ని వాడు భుజానికెత్తుకునే ముందు, నీలవేణి పసుపు ముద్ద కలిపి వైర్లు బిగించే రెండు టెర్మినళ్లకీ మెత్తేది. పైన కుంకుమ బొట్టు.

"గంగమ్మ కంటే దీనికే ఎక్కువ పూజ సేత్తన్నావే అమ్మా!" అని నవ్వేవాడు కొడుకు.

"నడిసముద్రంలో నిన్ను కాసేది అదే కదరా!"

ఇప్పుడు ఆ బ్యాటరీ ఎత్తేది మొగుడు జగన్నాధం.

మొన్న ఆషాఢంలో వల లాగే తాడులో చినబాబు కాలు చిక్కి తెగింది. నెత్తురు ఆగలేదు. ఒడ్డుకి కబురు పెడదామని తండ్రి వైర్‌లెస్ సెట్టు అందుకున్నాడు. దారి చూపే జీపీఎస్సు, చేపల్ని చూపే తెర, మాట్లాడే సెట్టు, అన్నీ ఆ ఒక్క బ్యాటరీ మీదే. అవతలి బోట్లవాళ్ల మాటలు చక్కగా వినబడుతున్నాయి. తాను బటన్ నొక్కి "ఓలో" అనగానే అన్నీ ఆరిపోయాయి. వదిలితే వెలిగాయి. కొడుకు తల ఒళ్లో పెట్టుకుని నొక్కుతూనే ఉన్నాడు.

రేపు మళ్లీ అదే బోటు. వైర్లు మార్చాడు, ఫ్యూజు మార్చాడు, ఇంకొకళ్ల సెట్టు తెచ్చి పెట్టి చూశాడు. రాజాం మోసుకెళ్తే కొట్టువాడు బ్యాటరీ బంగారంలా ఉందన్నాడు. నొక్కితే మాత్రం ఆరుతూనే ఉంది.

"ఎల్లకు మావా. నువ్వు కూడా..."

"ఎల్లకపోతే ఏటి తింటావే, నా తలకాయా?"

సాయంత్రం సెట్టూ వైర్లూ విప్పి అరుగు మీదకి తెచ్చి, ఏరియల్ చూరుకి కట్టాడు. మీటరు టెర్మినల్ మీద పెడితే నిండుగా చూపించింది. దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టి, "నొక్కే" అన్నాడు. నీలవేణి సెట్టు బటన్ నొక్కింది. అంకె జారిపోయింది. ఆ రెంటి మధ్య దాటే కరెంటు వినడానికే సరిపోతోంది, మాట్లాడ్డానికి చాలడం లేదు.

క్లాంపు విప్పి దాని లోపలా, టెర్మినల్ మీదా చాకుతో గీకాడు. పెచ్చులు రాలాయి. గబగబా అరచేత్తో తుడిచేయబోయాడు.

"ఏటి మావా అది?"

"తుప్పే. ఉప్పుగాలికి పట్టీసినాది."

తుప్పు పసుప్పచ్చగా ఉండదని నీలవేణికి తెలుసు. ఒక పెచ్చు తీసి వేళ్ల మధ్య నలిపింది. వేళ్లకి ఆ రంగు అంటింది.

మళ్లీ బిగించాక నొక్కితే ఆరలేదు. "ఎవలూ? ఎవల్రా?" అని సముద్రంలోంచి ఎవరో అడిగారు. ఆమె సెట్టు ఆపేసింది.

తెల్లారింది. జగన్నాధం బ్యాటరీ గుమ్మంలో దించి, ఏమీ ఎరగనట్టే, "బొట్టెట్టే" అన్నాడు.

పసుపు గిన్నె ఆమె చేతిలోనే ఉంది, కలిపే ఉంది. గీకిన చోట టెర్మినల్ సీసం తెల్లగా మెరుస్తోంది. దాన్నే చూస్తూ గిన్నె గూట్లో పెట్టేసింది.

"పొద్దెక్కిపోతన్నాది. ఎత్తు మావా" అంది.