బాలవ్వ సగం విన్న పాట

బోధన్‌లో మైక్ సెట్ జీవరాజును తెలియనివాళ్లు లేరు. పెళ్లికైనా, పుట్టువెంట్రుకలకైనా, మెథడిస్టు చర్చిలో క్రిస్మస్‌కైనా అతని హారన్లు కట్టెకు వేలాడి అరవాల్సిందే. మంచివాడే కాని మహా మొండిఘటం. దయ్యం లేదంటాడు, దిష్టి లేదంటాడు. ఎవరైనా వింత సంగతి చెప్పబోతే సగంలోనే అందుకుని, "ఎర్త్ సక్కగ లేదేమో సూస్కో" అని నోరు మూయించేవాడు. గాలీ ధూళీ అన్నీ అతని దృష్టిలో కరెంటు పనులే.

అంతటివాడికీ ఒక పిచ్చి ఉండేది. పొడుగు పాటల పిచ్చి. మూడు నిమిషాల సినిమా పాట అతనికి పల్లీ గింజతో సమానం. "నోట్లేసుకునేటాల్లకు అయిపోతది, గదేం పాట" అని ఈసడించేవాడు. నన్నడిగితే న్యాయమే. పొద్దుగూకి కూర్చుంటే పొద్దుపొడిచేదాకా సాగే కథలు విన్న నేల ఇది. మనకు మూడు నిమిషాలు ఎవడు నేర్పాడు?

డెబ్బై నాలుగులో శక్కర్ ఫ్యాక్టరీ ఇంజనీరొకాయన, గోవా మనిషి, కొలువు మాని వెళ్లిపోతూ తన ఇంగ్లీషు రికార్డుల కట్టను జీవరాజు చేతిలో పెట్టి పోయాడు. పళ్లెమంత రికార్డులు. కొన్నిటికి ఒక వైపంతా ఒక్కటే పాట. జీవరాజుకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా గిరాకీ లేని మధ్యాహ్నాలు దుకాణం తలుపు దగ్గరగా వేసుకుని వింటూ పడుకునేవాడు. గిటారు ఏడ్చి ఏడ్చి నిమ్మళించేదాకా, డ్రమ్ములు కలబడి విడిపోయేదాకా పిలిచినా పలికేవాడు కాదు. ఇష్టమైనవాటికి తనే పేర్లు పెట్టుకున్నాడు. ఉరుముతో మొదలయ్యేది వానపాట. గంటలు మోగేది గుడిపాట.

అన్నిటికన్నా ప్రాణం మాత్రం బండిపాట. అది ఒక వైపు చాలక రెండో వైపుకు కూడా పాకిన పాట. మొదట ఎక్కడో దూరాన ఇరుసు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు. దాని మీద చర్చి ఆర్గన్ లాంటి మూలుగు. ఆపైన కుంటి ఎద్దు నడకలాగా, ప్రతి వరుసలోనూ ఒక దెబ్బ తక్కువపడే తాళం. ఎన్నిసార్లు విన్నా ఆ పడని దెబ్బ దగ్గర జీవరాజు ఒళ్లు జలదరించేది. మొదటి వైపు ఏ ముగింపూ లేకుండా, ఎత్తిన గొంతు ఎత్తినట్టే ఆగిపోయేది. రికార్డు తిరగేస్తే మళ్లీ అక్కడినుంచే అందుకునేది.

ఆ ఏడు ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు బారులు కట్టే కాలానికి తల్లి బాలవ్వ మంచం పట్టింది. కాళ్లు ఉబ్బాయి, కళ్లు పచ్చబడ్డాయి. నిజామాబాద్ తీసుకుపోయి చూపిస్తే డాక్టరు "ఇంటికి తోల్కపోండి" అన్నాడు. డాక్టరు నోట ఆ మాటకు ఒకటే అర్థం. చర్చి పెద్దలు వచ్చి పాటలు పాడి, వాకిట్లో గొంతు తగ్గించి శవపెట్టె సంగతి మాట్లాడుకుని పోయారు. బాలవ్వ కళ్లు తెరవడం మానేసింది.

జీవరాజుది తల్లి ఒక్కతే పెంచిన పెంపకం. ఊరికే కూర్చుని ఆమె ముఖం చూస్తుంటే పిచ్చెక్కేటట్టు ఉంది. ప్లేయరును, యాంప్లిఫయరును మంచం పక్కకే తెచ్చి, కొత్త ముల్లు బిగించి, ఎట్లా పలుకుతుందో చూద్దామని బండిపాట పెట్టాడు.

ఇరుసు కిర్రుమంది. బాలవ్వ కళ్లు తెరిచింది.

మొదటి వైపంతా రెప్ప వేయకుండా విన్నది. ముల్లు ఆఖరి గీతలో పడి గరగరలాడుతుంటే అడిగింది. "ఇంకున్నదా?"

"ఉన్నదవ్వా, అవుతలి దిక్కు."

"వెట్టు మరి."

సరిగ్గా అప్పుడే చందూర్ పెళ్లివాళ్లు సెట్ కోసం ఎడ్లబండితో సహా వాకిట్లో దిగారు. జీవరాజు సామాను సర్దుకోక తప్పలేదు. బాలవ్వ ఏమీ నొచ్చుకోలేదు.

"పోయిరా బిడ్డా. కథ నడుమల లేవద్దు. మిగిలింది ఇన్నంకనే లేస్త. అందాక నేనేడికి పోత?"

బాప్తిస్మం తీసుకోకముందు, చిన్నపిల్లగా ఉన్నప్పుడు, బాలవ్వ తండ్రి వెంట ఎడపల్లి చుట్టుపక్కల ఏ కథ జరిగినా పోయేది. కథ మొదలుపెట్టాక మంగళహారతి పాడేదాకా ఎవరూ లేవకూడదని అక్కడి కట్టు. కథలోకి పిలిచినవాళ్లంతా ఆ పందిట్లోనే కాచుకుని ఉంటారట. హారతి పాడితేనే వాళ్లు పోతారు, విన్నవాళ్లు లేస్తారు. ఆమెకు దేవుడు మారాడు కాని ఆ కట్టు మారలేదు.

ఆ సాయంత్రమే గోడకు చేరగిలబడి జావ తాగింది. కోడలు యేసమ్మ సంతోషం పట్టలేక వాడకట్టంతా చెప్పుకొచ్చింది. జీవరాజు మొండివాడే కాని తెలివితక్కువవాడు కాదు. మిగతా సగం వింటే అవ్వ లేస్తుంది, లేస్తే పోతుంది. నమ్మకం లేదు, నిజమే. కాని రికార్డు తిరగేసి చూసే ధైర్యమూ లేదు. రోజూ మధ్యాహ్నం మొదటి వైపు పెట్టేవాడు, అవ్వ రెండో వైపు అడిగేది, "రేపు పెడ్తనవ్వా" అనేవాడు. రేపు అనే మాట అతనికి అంత తియ్యగా ఎన్నడూ లేదు.

పెట్టేది రోజూ ఆ సగమే. ఆమె చెప్పే కథ మాత్రం రోజూ ముందుకు పోయేది.

"బండి కోటగిరి దిక్కు పోతుంది. ఎడ్లు తెల్లయి. ఒకటి కుంటుతుంది" అని ఒకనాడు. "లింబయ్య ఎక్కిండు" అని ఇంకోనాడు. లింబయ్య ఆమె పెళ్లినాటికే కలరాలో పోయిన మేనమామ. పాటలో ఉన్నది ఎవరో దొర గొంతు, వినిపించేది ఇంగ్లీషు, బాలవ్వకు అందులో కనిపించేవి కాలువ గట్లు, తుమ్మలు, ఎక్కేవాళ్ల ముఖాలు. యేసమ్మ గుండె మీద చెయ్యేసుకుని వినేది. జీవరాజు, "జరమొచ్చిన మనిషి మాటలు, పట్టించుకోకు" అనేవాడు.

ఒకనాడు బాలవ్వ నవ్వింది. "మా హనోకు ఎక్కిండు. ఎండలేదు వానలేదు, గొడుగెందుకురా నీకు?"

హనోకు కోటగిరిలో ఉండే ఆమె తమ్ముడు. మొన్న మొన్ననే సైకిల్ తొక్కుకుంటూ వచ్చి అక్కను చూసిపోయిన గట్టి మనిషి. మర్నాడు పొద్దున్నే కోటగిరి బస్సులో మనిషి వచ్చాడు. పొలం గట్టు మీద పడి హనోకు పోయాడు. నిన్న మధ్యాహ్నం.

"గొడుగు ఉండెనా చేతుల?" అంది యేసమ్మ, అడగకూడదనుకుంటూనే.

"ఉండె. మీకెట్ల ఎరుక?" అన్నాడతను.

ఎర్త్ సంగతి ఆ రోజు జీవరాజు ఎత్తలేదు. అయినా మధ్యాహ్నానికి మళ్లీ మొదటి వైపే పెట్టాడు. ప్రేమ అంటే చాలామంది గొప్పగా చెప్తారు. అది ఇంత స్వార్థపుది కూడా.

బాలవ్వ ప్రాణంతోనే ఉంది, కాని బతుకుతున్నట్టు లేదు. వీపంతా పుండ్లు. యేసమ్మ వేపాకు నీళ్లతో కడుగుతుంటే ముసలామె పళ్లు బిగబట్టేది. "నడుం గుంజుతుంది కొడుకా, కూసోని కూసోని. ఇంకెంతసేపు కూసోవెడ్తవ్?" అని అడిగేది. ఆమె పడుకుని ఉన్న మనిషి. ఏ కథ పందిట్లో కూర్చుని ఉందో ఇద్దరికీ తెలుసు. జీవరాజు పెరట్లోకి పోయి ముఖం కడుక్కుని వచ్చేవాడు.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం, "బండి మన వాకిట్ల ఆగింది" అంది బాలవ్వ.

జీవరాజు బయటికి వచ్చి చూశాడు. వాకిట్లో బండ్లు ఆగడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. ఫ్యాక్టరీ గేటు నుంచి మొదలైన చెరుకు బండ్ల వరుస వాళ్ల ఇంటి ముందునుంచే సాగుతుంది. కాని ఆ వరుసలో సరిగ్గా అతని గడప ఎదుట ఒక బండి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. ముందు బండ్లు కదిలిపోతున్నాయి. వెనక ఉన్న రాజనర్సు బండి మాత్రం కదలడం లేదు.

"ముంగట అంత జాగుండంగ ఆగినవేందే?" అన్నాడు జీవరాజు.

"ఎడ్లు అడుగేస్తలేవన్నా. కొట్టినా ఏస్తలేవు. ముంగట ఏదో ఉన్నట్టు మోర ఎత్తి నిలవడుతున్నయి."

మరో రోజు వేరే ఎడ్లు, వేరే బండివాడు. జాగా అదే. వెనకవాళ్లు తిట్టి తిట్టి ఆ జాగాను చుట్టి పోవడం అలవాటు చేసుకున్నారు. చుట్టూ చెరుకు మడ్డి మొలాసిస్ వాసన, ఈగలు. ఆ ఖాళీలో మాత్రం ఈగ కూడా వాలేది కాదు.

లోపల బాలవ్వ ముఖంలో అప్పుడు మొదటిసారి భయం కనబడింది. "నా జాగ ఎన్నొద్దులు ఖాళీ వెట్టుకుంటరు కొడుకా? రాకుంటే ఇంట్లకెళ్లి ఇంకొకలను ఎక్కించుకుంటమంటున్నరు. ఒడి సాపి కూసున్నది ఒకామె. సంటిపిల్లకు సాపినట్టు."

యేసమ్మకు అప్పుడు ఏడో నెల. అంతకుముందు ఒక కాన్పు దక్కలేదు. ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి, కడుపు మీద చెయ్యేసుకుని, భర్త ముందుకొచ్చి నిలబడింది.

"అత్తమ్మను కూసోవెట్టింది నువ్వు. నువ్వే లేపాలె."

జీవరాజు లేచి రికార్డును చొక్కా అంచుతో తుడిచి, తిరగేసి పెట్టాడు.

ఎత్తినట్టే ఆగిపోయిన గొంతు మళ్లీ అందుకుంది. రెండో వైపు నెమ్మదిగా నడుస్తుంది. డ్రమ్ములు దూరంగా పోతాయి, ఆర్గన్ ఒక్కటే మిగులుతుంది. బాలవ్వ ముఖంలోని ముడతలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. "హనోకు చెయ్యిస్తుండు" అంది. జీవరాజు ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

సగం దాటిందో లేదో, కరెంటు పోయింది.

పాట బావిలోకి జారినట్టు లోతుకు, ఇంకా లోతుకు దిగి ఆగిపోయింది. యాంప్లిఫయర్‌లో ఎర్రటి వెలుగు ఆరిపోయింది. ముల్లు రికార్డు నడుమనే నిలబడి ఉంది.

"అయిపోయిందా కొడుకా?"

ఇంకా మిగిలి ఉంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. రేపు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాకు అతనికి దొరకదు. తల్లి కళ్లు అతని పెదవుల మీదే ఉన్నాయి. ఆ కళ్లలో ఉన్న అలసట చూశాడు.

"అయిపోయిందవ్వా" అన్నాడు.

"మంగళారతి ఇనవడకపాయె?"

ఊరందరికీ మైకు పెట్టిన మనిషి, తను మాత్రం ఎన్నడూ నోరు విప్పి పాడలేదు. మంగళహారతులు రావు. చర్చిలో ఆరాధన ముగిసేటప్పుడు పాడే దీవెన ఒక్కటి వచ్చు. శ్రుతి తప్పుతూ, అదే పాడాడు. యేసమ్మ గొంతు కలిపింది. బాలవ్వ వేళ్లతో తాళం వేసింది. ఆమె తాళం కూడా ప్రతి వరుసలో ఒక దెబ్బ తక్కువ పడింది.

"మంచిగ పాడినవ్. ఇగ లేస్త బిడ్డా" అంది. అతని చేతిలో ఉన్న చెయ్యి బరువైంది.

యేసమ్మ ఆమె కళ్లు మూసింది. కాసేపటికి ప్లేయర్‌లో పళ్లెం తనంత తానే కదిలింది. కరెంటు వచ్చింది. ముందు ముల్లు కింద దోమ గొంతంత సన్నగా, తర్వాత యాంప్లిఫయర్ వేడెక్కేకొద్దీ గదినిండా, పాట ఆగినచోటునుంచే మొదలైంది.

జీవరాజు ముల్లు ఎత్తబోయాడు. యేసమ్మ చెయ్యి పట్టుకుంది. "నడుమల లేవద్దు."

ఇద్దరూ బాలవ్వకు అటొకరు ఇటొకరు కూర్చుని ఆఖరుదాకా విన్నారు. చివర మళ్లీ అదే ఇరుసు కిర్రుమంటుంది, దూరమై దూరమై సన్నబడుతుంది. జీవరాజుకు అది కంఠతా తెలుసు. సన్నబడ్డాక లేచి ముల్లు ఎత్తి, స్విచ్ ఆపాడు.

కిర్రుమనే చప్పుడు ఆగలేదు.

అతను వాకిట్లోకి పరుగెత్తాడు. చప్పుడు ఫ్యాక్టరీ వైపు కాదు, ఎడపల్లి దారిన పోతోంది. దారి మీద ఏమీ లేదు. ఆ పూట మళ్లీ వరుసలో వెనక నిలిచిన రాజనర్సు ఎడ్లు తమంత తామే అడుగు ముందుకేసి ఆ ఖాళీ జాగాలోకి వచ్చి నిలబడ్డాయి. రాజనర్సు తలపాగా చేతిలోకి తీసుకుని చెవి ఒగ్గి వింటున్నాడు.

"సప్పుడైతే ఇన్న గని బండి కానరాలేదన్నా. మీ ఇంట్లకెళ్లి ఎవలన్న ఎక్కిండ్రా?"

"మా అవ్వ" అన్నాడు జీవరాజు. అప్పుడు ఏడ్చాడు.