చిక్కనయ్య పోసిన పల్చటి ఆయిల్

రైలు గేటు దాటగానే ఎడమవైపు కనిపించే రేకుల షెడ్డు చిక్కనయ్యది, దాన్ని ఆనుకునే ఆయన ఇల్లు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకి వేరే ఉండే ఉంటుంది గానీ, దాన్ని వాడిన మనిషి ఈమధ్య ఎవరూ తగల్లేదు. ఆయనకి టీ చిక్కగా ఉండాలి. పాలు చిక్కగా ఉండాలి. షెడ్డు తలుపుకి వేసిన ఆకుపచ్చ రంగు కూడా చిక్కగా ఉండాలి, ఎండకి అది పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతున్నా సరే. ఇక ఇంజన్ ఆయిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. డబ్బా వంచితే అది తెగకుండా, తొందరపడకుండా, అత్తారింటికి బయల్దేరిన అల్లుడిలా తాపీగా దిగాలి. అలా దిగితేనే ఆయన దృష్టిలో అది ఆయిలు, లేకపోతే నీళ్ళు.

ఏ బండి వచ్చినా ముందు బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల లాగి, దాని కొసనున్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దుతాడు. కళ్ళు మూసుకుంటాడు. వేళ్ళు మెల్లగా విడదీసి, మధ్యలో తీగ సాగిందో లేదో చూస్తాడు. సాగితే తల ఊపుతాడు. సాగకపోతే బండి యజమాని వైపు ఒక చూపు చూస్తాడు. ఆ చూపు పడ్డాక ఎంత పెద్దమనిషైనా నీళ్ళు నమిలి, మారు మాట్లాడకుండా చిక్కటి ఆయిల్ పోయించుకుని వెళ్ళాల్సిందే.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. ఆ షెడ్డుకి వచ్చేవన్నీ అరిగి అరిగి లోపల సందులు పెరిగిపోయిన ముసలి వ్యాన్లూ, మూడు చేతులు మారిన జీపులూ. చిక్కటి ఆయిల్ పడితే వాటి గోల కాస్త తగ్గేది, పొగ కాస్త తగ్గేది, యజమాని ముఖం వికసించేది. ఏళ్ళ తరబడి అలా గెలుస్తూ వచ్చిన మనిషికి నువ్వు పొరపాటు పడుతున్నావని చెప్పేదెవరు?

షెడ్డులో ఒక మూల చెక్క స్టూలు ఉంటుంది. దానికో పద్ధతి ఉంది. చిక్కనయ్య మీద నమ్మకం ఉన్నవాళ్ళు తాళం చెవి ఆయన చేతిలో పెట్టి, ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగడానికి వెళ్ళిపోతారు. నమ్మకం లేనివాళ్ళు స్టూలు మీద కూర్చుని, ఏ నట్టు విప్పుతున్నాడో, ఏ డబ్బా తెరుస్తున్నాడో కళ్ళార్పకుండా చూస్తారు. ఎవరూ చెప్పి పెట్టిన నియమం కాదిది, దానంతటదే ఏర్పడింది. స్టూలు మీద దుమ్ము పేరుకుని ఉంటే చిక్కనయ్యకి కడుపు నిండినట్టుండేది.

అలాంటి మనిషి కూతురు కొత్త కారు కొంది.

ఆ అమ్మాయి క్యాబ్ నడుపుతుంది. అంతకు ముందు వేరేవాళ్ళ కారు నడిపి, వాళ్ళ సణుగుడు వినీ వినీ విసిగిపోయి, సొంతానికి షోరూమ్ నుంచి సరికొత్తది తెచ్చుకుంది. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు కూడా తియ్యకుండా నేరుగా తండ్రి షెడ్డు ముందుకే తెచ్చి ఆపింది. చిక్కనయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. చేతులు తుడుచుకుని, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుని, బానెట్ మీద చెయ్యి వేశాడు.

"అది మాత్రం ఎత్తొద్దు నాన్నా," అంది కూతురు.

"ఏం?"

"వారంటీ ఉంది కదా. అది ఉన్నన్నాళ్ళూ అన్నీ షోరూమ్‌లోనే చేయించాలంట. బయటివాళ్ళు చెయ్యి పెడితే వారంటీ పోతుందంట."

బయటివాళ్ళు అన్న మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. అయినా వారంటీ అంటే కూతురి అన్నం మూట. రేపు ఇంజన్‌కి ఏదైనా జరిగితే ఆదుకునేది అదే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటి నుంచి రోజూ కారు కడగడం, టైర్లలో గాలి చూడడం, అద్దాలు తుడవడం ఆయన వంతు. ఊళ్ళో ఉన్న డొక్కు బండ్లన్నిటి కడుపులోనూ చెయ్యి పెట్టిన మనిషి, సొంత కూతురి కారుకి మాత్రం పైపై తుడుపుళ్ళతో సరిపెట్టుకున్నాడు. ఆయనకి ఒకటే కోరిక మిగిలింది, ఒక్కసారి ఆ ఇంజన్‌కి తన చేత్తో ఆయిల్ మార్చాలని.

ఒకరోజు పొద్దున్నే కూతురు స్నానానికి వెళ్ళడం చూసి, పిల్లి అడుగులు వేసుకుంటూ కారు దగ్గరికి చేరాడు. చూడడానికి వారంటీ ఏం అడ్డం అనుకున్నాడు. బానెట్ ఎత్తాడు. పుల్ల లాగాడు. చుక్కని వేళ్ళ మధ్య పెట్టి రుద్దాడు. కళ్ళు మూసుకోవాల్సిన అవసరమే రాలేదు. తీగ లేదు, జిగురు లేదు, వేళ్ళ మధ్య ఏదైనా ఉందన్న జ్ఞానమే లేదు.

దీన్ని నమ్ముకుని పిల్ల ఎంతెంత దూరాలు పోతోంది? షెడ్డులోకి పరిగెత్తి, తనకి ఎంతో ఇష్టమైన చిక్కటి డబ్బా, గరాటు పట్టుకొచ్చాడు. కొంచెం, ఒక్క గ్లాసుడు కలిపితే ఇంజన్‌కి కాస్త ప్రాణం వస్తుందనుకున్నాడు. మూత తిప్పాడు.

"ఏం చేస్తున్నారక్కడ?"

కిటికీలో భార్య నిలబడి ఉంది. ఆవిడ బట్టలు కుడుతుంది. మెడలో టేపు, రవిక మీద గుచ్చిన సూదులు, కళ్ళలో అంతకన్నా వాడి.

"ఏం లేదు. టైర్లలో గాలి చూస్తున్నా."

"గాలికి గరాటు ఎందుకు?"

చిక్కనయ్య గరాటు వైపు చూశాడు. అది ఆయన చేతిలోకి ఎలా వచ్చిందో ఆయనకే తెలియనట్టు ముఖం పెట్టాడు. బానెట్ దించి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

ఇంతలో కారు మొదటి సర్వీసుకి వేళయింది. వచ్చేవారం ఒక పెళ్ళివాళ్ళతో దూరప్రయాణం ఉంది, ఈలోపే సర్వీసు అయిపోవాలి. కూతురు షోరూమ్‌కి బయల్దేరుతుంటే చిక్కనయ్య కూడా చొక్కా మార్చుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంజన్‌లో నీళ్ళు పోసి అమ్మినవాళ్ళని కడిగిపారేద్దామని ఆయన ఉద్దేశం.

షోరూమ్‌లో నేల అద్దంలా మెరుస్తోంది. సర్వీసు చూసే అబ్బాయి నవ్వు ముఖంతో కంప్యూటర్ చూసి, వచ్చే నెల వరకూ ఖాళీ లేదన్నాడు. కూతురి ముఖం వాడిపోయింది.

"అంత తొందరైతే బయట చేయించుకోండి మేడమ్. కారు ఇచ్చినరోజే చెప్పాను కదా, ఏ మెకానిక్ దగ్గరైనా ఫర్వాలేదు. పుస్తకంలో ఏ చిక్కదనం రాసుందో ఆ ఆయిలే పొయ్యాలి, బిల్లు దాచుకోవాలి. అంతే, వారంటీ ఎక్కడికీ పోదు. వేరేది పోసి, దానివల్ల ఇంజన్ దెబ్బతింటే మాత్రం మేం పూచీ పడం," అన్నాడతను.

కడిగేద్దామని వచ్చిన చిక్కనయ్య కూతురి వైపు తిరిగాడు. కూతురు నాలుక కరుచుకుని కిటికీ వైపు చూసింది.

ఇంటికి వచ్చీ రాగానే, కుట్టు మిషన్ ఉన్న ముందు గదిలో, చెప్పులు కూడా విప్పకుండా అడిగాడాయన.

"అంటే నీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసు నాన్నా."

"మరి నేను చెయ్యి పెడితే పోతుందని ఎందుకు చెప్పావు? ఊళ్ళోవాళ్ళంతా నా చేతిలో తాళాలు పెట్టి పోతారు. నువ్వు మాత్రం స్టూలు మీద కూర్చుని చేయించుకునేంత నమ్మకం కూడా నా మీద పెట్టలేదు."

కూతురు దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీ చెయ్యి మీద నమ్మకం లేక కాదు నాన్నా. నీ డబ్బా మీద లేక. దీనికి జీరో ట్వంటీ రకం ఆయిల్ పొయ్యాలి. నువ్వు ట్వంటీ ఫిఫ్టీ తప్ప ఇంకోటి ముట్టుకుంటావా? వద్దంటే ఊరుకుంటావా? నీతో గొడవ పడలేక నెపం వారంటీ మీద పెట్టాను."

ఆయిల్ డబ్బాల మీద ఉండే ఆ అంకెల అర్థం చిక్కనయ్యకి తెలియక కాదు. మొదటిది చలిలో ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. కాకపోతే పరీక్షలో మార్కుల్లాగా, అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదని ఆయన లెక్క. సున్నా అన్న చోట ఆయన చదవడం మానేస్తాడు.

"సున్నా ఏంటమ్మా సున్నా. అంత పల్చటిది ఇంజన్‌ని కాపాడుతుందని ఎవరు చెప్పారు?"

"నేను చెబుతా," అంది భార్య, మిషన్ ఆపి. "పెళ్ళైన కొత్తలో నా మీద ప్రేమ పొంగుకొచ్చి, మీ షెడ్డు ఆయిల్ తెచ్చి ఈ మిషన్‌లో పోశారు. గుర్తుందా?"

చిక్కనయ్య మిషన్ మీంచి చూపు తిప్పుకున్నాడు.

"సూది దిగింది, మళ్ళీ పైకి రాలేదు. చక్రం తిప్పడానికి మీరూ మీ తమ్ముడూ కలిసి పట్టుకోవాల్సొచ్చింది. పక్కింటావిడ కుట్టమని ఇచ్చిన తెల్ల గౌను మీద జిడ్డు మరక. నేను ఆవిడకి ముఖం చూపించలేక పెరటి దారిన తిరిగాను. ఆ తర్వాత ఈ మిషన్‌కి ఏం పోస్తున్నారు?"

"మిషన్ ఆయిల్."

"ఎలా ఉంటుంది?"

"పల్చగా," అన్నాడాయన, సగం గొంతుతో.

"ఎందుకు?"

"ఎందుకేంటి, సందులు సన్నం కదా. చిక్కటిది లోపలికి..."

అంతవరకూ వచ్చి ఆగిపోయాడు. కూతురు నవ్వు ఆపుకోలేక దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య మాత్రం నవ్వకుండా మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం ఆయన స్వయంగా చుక్కలు చుక్కలుగా పల్చటి ఆయిల్ వేసే ఆ మిషన్, చప్పుడు చెయ్యకుండా పరుగెత్తింది. చిక్కనయ్య దాన్ని చాలాసేపు చూశాడు. కొత్త ఇంజన్‌లో సందులు కూడా అంతే సన్నమని, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తన చిక్కటి ఆయిల్ పైదాకా ఎక్కేలోపు అక్కడి ఇనుము ఎండిపోయి ఒరుసుకుంటుందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సొంత ఇంట్లో, సొంత చేత్తో ఇన్నేళ్ళూ చేస్తున్న పనే. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. చివరికి నవ్వే గెలిచింది.

మర్నాడు ఆయిల్ దుకాణానికి వెళ్ళాడు. దుకాణం వాడు ఆయన్ని చూడగానే అడక్కుండానే అలవాటైన డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"అది కాదు. జీరో ట్వంటీ ఇవ్వు," అన్నాడు చిక్కనయ్య, అటూ ఇటూ చూసి.

దుకాణం వాడు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఒంట్లో బాగానే ఉందా మేస్త్రీ?"

"బాగానే ఉంది. పుస్తకంలో రాసిన రకమేనా అని చూసి మరీ ఇవ్వు. సీలు ఉండాలి. అలాగే ఒక బిల్లు పుస్తకం కూడా ఇవ్వు."

ఏనాడూ బిల్లు రాయని మనిషి బిల్లు పుస్తకం అడిగేసరికి దుకాణం వాడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

కూతురు కారు షెడ్డు ముందు ఆపింది. చిక్కనయ్య అప్పటికే మూలనున్న చెక్క స్టూలు తెచ్చి, దుమ్ము దులిపి, సరిగ్గా ఇంజన్ కనిపించే చోట వేసి ఉంచాడు.

"కూర్చోమ్మా. దగ్గరుండి చూసుకో. డబ్బా మీద అంకె కూడా చూసుకో."

కూతురు స్టూలు వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. తన సంచి తీసి స్టూలు మీద పెట్టింది. తాళం చెవి ఆయన అరచేతిలో పెట్టి, "నేను టీ తాగి వస్తా నాన్నా," అని వెనక్కి చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

చిక్కనయ్య అరచెయ్యి మూసుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. షెడ్డులో ఎవరూ లేరు గనక తుడుచుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

తర్వాత పని మొదలుపెట్టాడు. ఇంజన్ కొంచెం వేడిచేసి, కింద తొట్టి పెట్టి, అడుగు బోల్టు విప్పి పాత ఆయిల్ ఆఖరి చుక్కదాకా కారనిచ్చాడు. కొత్త వాషరు వేశాడు. కొత్త ఫిల్టరు రబ్బరు అంచుకి వేలితో కాస్త ఆయిల్ రాసి బిగించాడు. ఇక డబ్బా సీలు తెంచి వంచాడు. అది ఎక్కడా ఆగకుండా జలజలా దిగిపోయింది. ఆయన ఒక్క క్షణం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు గానీ, పొయ్యడం ఆపలేదు. స్టార్ట్ చేశాడు. ఇంజన్ లేచిందా లేదా అని వంగి చెవి పెట్టాల్సొచ్చింది. ఇంటి ముందు గదిలో కుట్టు మిషన్, బయట కారు, రెండూ ఒకే తీరుగా మెత్తగా పలుకుతున్నాయి.

ఖాళీ డబ్బాని అంకె కనిపించేటట్టు స్టూలు మీద, సంచి పక్కనే పెట్టాడు. జీవితంలో మొదటి బిల్లు రాయడానికి కూర్చున్నాడు. కారు నంబరు, తిరిగిన దూరం, ఆయిల్ రకం. జీరో ట్వంటీ అన్న చోట కలం కొంచెం మొరాయించింది. అయినా గుండ్రటి అక్షరాలతో రాసి, కింద అలవాటుగా సంతకం చేశాడు.

కూతురు రెండు టీ గ్లాసులతో వచ్చి బిల్లు చూసింది. "పల్చటి ఆయిల్ పోశానని రాసి, కింద చిక్కనయ్య అని సంతకమా? షోరూమ్ వాళ్ళు నమ్ముతారా నాన్నా?"

"నమ్మకపోతే డబ్బా చూపించు. అదుగో, అక్కడే పెట్టాను. చూసుకో."

ఆమె ఒక గ్లాసు ఆయన చేతికిచ్చింది. స్టూలు మీద నుంచి సంచి తీసి భుజానికి తగిలించుకుంది. డబ్బాని అటూ ఇటూ తిప్పకుండా, దాని మీద ఏముందో చదవకుండా, తీసి కింద పెట్టింది. ఖాళీ అయిన స్టూలు మీద, కారుకి వీపు చేసి, తండ్రికి ఎదురుగా కూర్చుంది.

"టీ తాగు నాన్నా," అంది. "చిక్కగానే పెట్టించాను."