గాజు టీపాట్ మెరిసినందుకు

ఖచ్చితంగా తెలిసినవి ముందు చెబుతాను. మా ఎదురింటి గాజు టీపాట్‌కు కొన్ని నెలలుగా లోపల తెల్లపొర కట్టి ఉండేది. ఒక శుక్రవారం పొద్దున అది కొత్తదానిలా మెరిసింది. ఆ ఆదివారం సాయంత్రం ఆ ఇంటి పెద్దాయన, ఇంటావిడ మామగారు, అందులో పూల టీ పెట్టుకుని తాగారు, గంట తిరగకుండా రెండుసార్లు వాంతి చేసుకున్నారు, మర్నాటికి తేరుకున్నారు. అదే సోమవారం, ఆ ఇంటితో కలిపి మా కాలనీలో ఏడిళ్లలో పనిచేసే మనిషికి గేటు పాసు రద్దయింది. ఇంతవరకు నేను స్వయంగా చూసింది, లేదా ఆ ఇంటివాళ్ల నోట విన్నది. ఆమె బాత్రూం యాసిడ్‌తో టీపాట్ కడిగిందన్నది మాత్రం వినికిడి. ఎవరూ చూడలేదు. ఎవరికీ వాసన రాలేదు. కొంపల్లిలో డిగ్రీలు లేని మనిషి లేని మా విల్లాల కాలనీకి ఆ వినికిడి చాలింది.

దూలపల్లి వైపు ఒక మందుల తయారీ సంస్థలో నాణ్యత పరీక్షల విభాగంలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. నమూనా చూడనిదే అక్కడ ఒక్క కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆ అలవాటుతోనే సోమవారం పొద్దున కాలనీ వాట్సాప్ గ్రూపు తెరిచాను. ఎదురింటావిడ టీపాట్ ఫొటో పెట్టి, మామగారి వాంతుల సంగతి రాసి, నెలల తరబడి పోని పొర ఒక్కరోజులో ఎలా పోయిందని అడిగారు. బాత్రూం యాసిడ్ తప్ప ఇంకేదీ అంత తెల్లగా చేయదని ఒకరు రాశారు. గాజు విషాన్ని పీల్చుకుని కొద్దికొద్దిగా వదులుతుందని మరొకరు. ఇది శుద్ధ అబద్ధం. గాజు దేన్నీ పీల్చుకోదు. ప్రయోగశాలల్లో ఆమ్లాలను గాజు సీసాల్లో దాచేది అందుకే. పరీక్షించకుండా ఏదీ తేల్చవద్దని నేనొక వాక్యం రాశాను. దానికి ఎవరో బొటనవేలు గుర్తు పెట్టారు. అప్పటికే పాసు పోయింది. నేను ఒక్క వాక్యంతో సరిపెట్టుకుని కాఫీ కలుపుకోవడానికి వెళ్లాను. ఈ అన్యాయంలో నా వాటా అక్కడ మొదలవుతుంది.

ఆమె మా ఇంట్లోనూ అయిదేళ్లుగా గిన్నెలు తోముతోంది. గేటు బయట నుంచి ఫోన్ చేస్తే వెళ్లాను. ఏడవలేదు. చెప్పుల కింద మట్టిని రాస్తూ నిలబడింది.

“చింతపండు పిప్పి మేడం. పులుసు తీసినంక పారేసేదే గదా. గురువారం పొద్దుగాల గాజుకు లోపలంతా పులిమి పెట్టిన, శుక్రారం మెత్తటి గుడ్డతోని తుడిచిన. మా అవ్వ ఇత్తడి బిందెలు గట్లనే తోముతుండె.”

చెప్పకుండా ఎందుకు చేశావని అడిగాను. ఎదురింటావిడ పొద్దున లేస్తే ఆ తెల్లపొర చూపించి, నీ చేతులకు శుభ్రం తెలియదని అనేదట. ఆ మాట పడలేక చేసిందట.

“మెరిపిస్తే మెచ్చుకుంటదనుకున్న,” అంది. “ఏం పెట్టి కడిగినవ్ అని ఒక్క మాట అడిగితే చెప్తుంటిని మేడం. ఒక్కలన్న అడిగిండ్రా?”

ఆ పొర ఆమె చేతులది కాదు, మా బోరు నీళ్లది. ఈ పక్క నీళ్లలో సున్నం ఎక్కువ. కాచిన ప్రతిసారీ అది గాజుకు అంటుకుంటుంది. సబ్బు దాన్ని కదిలించలేదు. స్టీలు పీచుతో రుద్దితే గాజు మీద సన్నని గీతలు పడి, వాటిలో ఈ సున్నపు గార ఇంకా గట్టిగా పడుతుంది. పులుపు కావాలి, సమయం కావాలి. బడిలో రసాయనశాస్త్రం చదవని ఆమెకు ఆ రెండూ తెలుసు.

మరునాడు ఎదురింటావిడ టీపాట్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని మా ఇంటికి వచ్చారు. “మీరు ల్యాబ్‌లో చేసిన్రు కదా ఆంటీ, ఇందులో యాసిడ్ ఉందని టెస్ట్ చేసి రాసియ్యండి,” అన్నారు. ఉందో లేదో చూడమని కాదు. ఉందని.

మూత తీసి చూస్తే లోపల ఆకు వేసే స్టీలు జాలీ లేదు. అది పాడైందేమోనని సోమవారం పొద్దునే చెత్త బండిలో వేసేశానన్నారు. దాన్ని ఎవరు కడిగేవారని అడిగాను. ఖరీదైనది, సున్నితమైనది కాబట్టి పనిమనిషి చేతికి ఇవ్వనని, తానే నీళ్ల కింద తిప్పుతానని చెప్పారు. ఇంకా అడిగాను. శుక్రవారం సాయంత్రం అదే టీపాట్‌లో పూల టీ పెట్టుకుని ఆవిడా, భర్తా తాగారు, ఇద్దరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత అందరూ కలిసి శామీర్‌పేట దగ్గరి ఒక ఫాంహౌస్‌కు వెళ్లారు. తడి పూలు జాలీలోనే ఉన్నాయి, మూత బిగించి ఉంది. ఆదివారం మధ్యాహ్నం తిరిగి వచ్చారు, సాయంత్రం పెద్దాయన ఆ పూల మీదే వేడినీళ్లు పోసుకున్నారు. రెండోసారి పోస్తేనే సారమంతా దిగుతుందని గ్రూపులో చదివారట.

ఎండాకాలంలో రెండు రోజులు. తడి పూలు. మూసిన మూత.

నేను అరవలేదు. జాలీని టీ వంపుకోగానే ఖాళీ చేయాలని, పాత పళ్ల బ్రష్‌తో బయటివైపు నుంచి రుద్ది రంధ్రాల్లోని నలుసులు తీయాలని, విడిగా బోర్లించి ఆరబెట్టాలని, టీపాట్ మూత తెరిచే ఉంచాలని చెప్పాను. ఆవిడ మొహం మాడింది. “అంటే తప్పు నాదంటరా?” అన్నారు. తెలియదని అన్నాను. అది నిజం. జాలీ లేకుండా నేనేమీ తేల్చలేను.

ఉన్నదాన్ని మాత్రం పరీక్షించాను. భూతద్దంతో చూస్తే, టీపాట్ ముక్కు మొదట్లో ఆకు జారకుండా ఉంచిన సన్నని చీలికల్లో ఒక గోధుమరంగు ఈనె ఇరుక్కుని ఉంది. సూదితో తీసి తెల్లకాగితం మీద పెట్టాను. చింతపండు ఈనె. తర్వాత మా ఇంట్లో గార కట్టిన గాజు జగ్గుకు ఒకవైపు పిప్పి పులిమి, రెండోవైపు సబ్బు నురగ పట్టించి ఒక రోజంతా వదిలేశాను. తుడిస్తే పిప్పి వైపు అద్దంలా తేలింది. సబ్బు వైపు గార గారలాగే ఉంది.

ఆ జగ్గు, ఆ కాగితం పట్టుకుని కాలనీ సంఘం సమావేశానికి వెళ్లాను. యాసిడ్ మిగిలి ఉంటే కడిగిన వెంటనే పెట్టిన టీ తాగినవాళ్లకు ముందు జబ్బు చేయాలని చెప్పాను. వెనక వరుసలో ఒకాయన నవ్వారు. “చింతపండుకు గూడ ల్యాబ్ రిపోర్టా మేడం? ఇగ రేపు ఉప్పుకు, పప్పుకు తెస్తరేమో.”

అధ్యక్షుడు మర్యాదగా అడిగారు: “ఆమె యాసిడ్ వాడలేదని నూటికి నూరుపాళ్లు రాసిస్తరా మేడం?”

నేను ఆగిపోయాను. ఆగినందుకు ఇప్పటికీ నా మీద నాకు మంటగా ఉంది. నూటికి నూరుపాళ్లు అని నేను జీవితంలో దేనికీ రాయలేదు. రాయనని నేర్పినవాళ్లను గౌరవించాను. నా నిజాయితీని వాళ్లు నా నోటికే గొళ్లెంలా వాడుకున్నారు. ఆగిన ఆ రెండు క్షణాల్లో కుర్చీలు కదిలాయి, ఎవరో ఫోన్ చూసుకున్నారు.

“రాసివ్వలేను,” అన్నాను. “పాసు తీసేసిన రోజు మీరెన్ని పాళ్లు చూసుకున్నారో అది చెప్పండి.”

అధ్యక్షుడు పక్కవాళ్లతో మాట్లాడారు. పాసు తిరిగి ఇస్తామన్నారు. ఆమె యాసిడ్ వాడిందనడానికి ఆధారం లేదని గ్రూపులో ఒక్క వాక్యం రాయమని అడిగాను. సమస్య పరిష్కారమైందని రాశారు. ఏ సమస్యో, ఎవరిదో లేదు.

ఆమె మూడు రోజులు వచ్చింది. ఏడిళ్లలో నాలుగిళ్లు అప్పటికే వేరేవాళ్లను పెట్టుకున్నాయి. గేటు దగ్గర రోజూ సంచి విప్పి చూపించమన్నారు. నాలుగో రోజు రాలేదు. మచ్చ బొల్లారంలో ఒక అపార్ట్‌మెంట్‌లో పని చూసుకున్నానని ఫోన్‌లో చెప్పింది. అక్కడ కూడా ఎవరో ఈ సంగతి ఎత్తారట.

“మరి ఆ పెద్దాయనకు ఎందుకట్లయింది మేడం?” అని అడిగింది. “అది తెలిస్తే నేను జెప్పుకుందును. తెల్వదంటే నన్నే జూస్తరు.”

జాలీలోని బూజు అయి ఉండవచ్చు. శామీర్‌పేటలో తిన్న భోజనం అయి ఉండవచ్చు. టీతో ఏ సంబంధమూ లేని కడుపు జబ్బు కూడా కావచ్చు. మొదటిదని నా అనుమానం. కానీ ఆ పూలు, ఆ జాలీ సోమవారం చెత్త బండిలో పోయాయి. పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు. ఆ అనుమానాన్నే నిజమని చెప్పి తప్పు ఎదురింటావిడ మీద పెడితే ఫోన్‌లో అవతలున్న మనిషికి పని దొరకడం తేలికవుతుందని నాకు తెలుసు. అయినా తెలియదనే చెప్పాను.