అవ్వ చూపెట్టిన ఎర్ర చుక్క

నేను నాలుగో తరగతిల ఉన్నప్పటి ముచ్చట... మా ఊరు గౌడవెల్లికి పడమర దిక్కు చేన్లన్నీ అప్పుడప్పుడే ప్లాట్లయితున్నయ్. ఎటు చూసినా హద్దురాళ్లు, మట్టి రోడ్లు... అన్నీ ఒక్కతీరుగనే.

చలికాలం. మేకలను తోలుకొని నేను, అవ్వ ఇంటికి మర్లినం. పొద్దు గూకింది. ఊర్లె కరెంటు లేదు, ఒక్క దీపం కనవడ్తలేదు. మురికినీళ్ల మోరీ కోసం తవ్విన గుంతల అవ్వ కాలుజారి పడ్డది. లేపబోతే గట్టిగ మూలిగింది. కాలు వంకర తిరిగి ఉంది...

మా దగ్గర ఫోన్ లేదు. ఎంత అరిచినా పలికేటోళ్లు లేరు.

అవ్వ నా గదువ పట్టి మొఖం తూర్పుకు తిప్పింది. "గా పిల్లలకోడి కనవడ్తాందా? చిన్న చుక్కల గుంపు... దాని కింద ఎర్రగ ఒక్కటుంది సూడు. అది రోహిణి. దానికెదురుంగ నడువు బిడ్డా, రోడ్డు తగుల్తది. జల్దీ పో!"

"నువ్వొక్కదానివే ఉంటవా అవ్వా?"

"మేకలున్నయ్ గద నాకు... పో!"

ఉరికిన. మల్ల గుంత తగుల్తదేమోనని కిందికే చూస్కుంట పోయిన. తల ఎత్తేసరికి ఎదురుంగ ఎర్రగ కనవడ్డది. దాని దిక్కే నడిచిన... చానా దూరం పోయినంక అనుమానమొచ్చింది. దానిమీద పిల్లలకోడి ఏది?

అది సెల్ టవర్ మీది లైటు! కరెంటు లేకున్నా జనరేటర్ మీద వెలుగుతాంది.

ఏడ్సుకుంటనే ఆకాశమంతా దేవులాడిన. ఎడమచేతి దిక్కు చుక్కల గుంపు... కింద రోహిణి. ఇగ దానిమీదికెల్లి కండ్లు తియ్యలే.

రోడ్డెక్కేసరికి పాలక్యాన్ల బండి మీద మా పక్కింటి యూసుఫ్ చాచా వస్తుండు. "క్యా హువా బేటా? ఏమైంది?" అన్నడు. అవ్వ గుంతల పడ్డదని చెప్పి, ప్లాట్ల దిక్కు వేలు చూపెట్టిన. బండి తిప్పిండు. మేకల గంటలు విని అవ్వను దొరకవట్టినం.

నాకు ధైర్యం చెప్పి తోలిన అవ్వ... నన్ను చూడంగనే పట్టుకొని ఎక్కెక్కి ఏడ్చింది. "చీకట్ల నిన్నెట్ల తోలిన బిడ్డా... నా పానం పోయినట్టాయె."

మూడు నెలలు పిండికట్టుతోని మంచంల ఉంది. తర్వాత కట్టె పట్టుకొని నడిచింది.

కాలేజీలకు వచ్చినంక చదివిన... రోహిణి చానా ముసలి నక్షత్రమట, ఉబ్బి ఉబ్బి సూర్యునికన్న ఎన్నో రెట్లు పెద్దగైందట. అవ్వకు చెప్తే, "అయితే ఏంది? ఇంక కనవడ్తాంది గద" అన్నది.

ఇప్పుడు ఆ ప్లాట్లల్ల మూడంతస్తుల ఇండ్లు, తెల్లార్లు లైట్లు... అవ్వ పోయి రెండేండ్లాయె.

మీ ఇంట్ల పెద్దోళ్లు చుక్కలను ఏ పేర్లతోని పిలిచేటోళ్లు? కింద రాయుండ్రి... మా ఇంట్ల ఆ పేర్లు చెప్పేటోళ్లు ఇగ ఎవ్వరు లేరు.