రెండు నంబర్లూ ఒకేసారి

మావారికి రెండు కిడ్నీలూ పాడయ్యాక మా ఇంట్లో ఫోను మోగడమంటే ఒక్కటే అర్థం. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి పిలుపు.

బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల కిడ్నీల కోసం అక్కడ పేరు రాయించాం. నాకు షుగరుంది కాబట్టి నా కిడ్నీ పనికిరాదన్నారు. ఆయన చెల్లెలు ఇస్తానని ముందుకొచ్చింది గాని పరీక్షల్లో కుదరలేదు. మాకు పిల్లలు లేరు. ఇక మిగిలింది ఆ జాబితా ఒక్కటే. పేరు రాయించిన రోజున అక్కడి కోఆర్డినేటరు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. ముప్పై ఏళ్లుంటాయేమో ఆ అమ్మాయికి.

"ఎప్పుడొస్తుందో మేం చెప్పలేమండి. వచ్చిందంటే మాత్రం మాకు టైముండదు. ఫోన్ చేస్తాం. ఓ అరగంట చూస్తాం. మీరు దొరక్కపోతే లిస్టులో తర్వాత ఉన్నవాళ్లకి చేసేస్తాం. అందుకే రెండు నంబర్లు ఇవ్వండి."

ఆయనదీ నాదీ ఇచ్చాం. ఇంటికొచ్చిన మర్నాడే ఆయన ఒక బ్యాగు సర్దారు. రెండు లుంగీలు, రెండు చొక్కాలు, తువ్వాలు, రిపోర్టుల ఫైలు. ఆ బ్యాగు మూడేళ్లపాటు మంచం కిందే ఉంది. నెలకోసారి రిపోర్టులు మార్చేవారు.

మా ఇల్లు సామర్లకోటలో, పంచదార ఫ్యాక్టరీ వైపు. నేను అక్కడికి దగ్గర్లోనే ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఆయన కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీ ల్యాబులో ఇరవై రెండేళ్లు పనిచేసి, జబ్బు వల్ల మానేశారు. వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాల్లో, కాకినాడ వెళ్లి డయాలసిస్ చేయించుకునేవారు. మిగతా రోజులు ఇంట్లోనే. రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఒక సీసాలో పోసుకుని, అదే సాయంత్రం దాకా సరిపెట్టుకునేవారు. ఆ సీసా చూస్తే నాకు గొంతులో నీళ్లు దిగేవి కావు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు నేను వంటింట్లోకెళ్లి తాగొచ్చేదాన్ని.

మా వీధిలో మూడంతస్తుల మేడలు లేచాక మా పాత ఫోను కంపెనీ సిగ్నల్ ఇంట్లోకి రావడం మానేసింది. మేడ మెట్ల దగ్గరైతే వచ్చేది. గదిలోకొస్తే పోయేది. దాంతో ఫోన్లు రెండూ వంటింటి కిటికీలో పెట్టేవాళ్లం. ఒకరోజు కోఆర్డినేటరు ఏదో పరీక్ష మళ్లీ చేయించాలని చెప్పడానికి ఫోన్ చేసిందట. ఆ సంగతి మాకు మర్నాడు పొద్దున మెసేజ్ వస్తే తెలిసింది. నేను వెంటనే చేశాను.

"ఇది మామూలు ఫోను కాబట్టి సరిపోయిందండి," అంది ఆ అమ్మాయి. "అసలు ఫోనే ఇలా తగలకపోతే ఏం చేస్తారు?"

ఆ మాటతో ఆయన కంపెనీ మార్చాల్సిందేనని కూర్చున్నారు. ఏ సంగతైనా పరీక్ష చేసి కాగితం మీద రాసుకుంటే గాని నమ్మే మనిషి కాదు. నేను స్టాఫ్ రూములో అడిగితే తలా ఒక కంపెనీ పేరు చెప్పారు. ఆయన అవేవీ వినలేదు. పక్కింటివాళ్ల ఫోను ఒకరోజు, పాలు పోసే ఆయన ఫోను ఒక పూట, పైవాటాలో అద్దెకున్నవాళ్లది ఒక పూట అడిగి తీసుకుని ఇల్లంతా తిరిగారు. మంచం దగ్గర, స్నానాలగదిలో, వీధి అరుగు మీద, తలుపులు వేసి ఒకసారి, తీసి ఒకసారి. తెల్లకాగితం మీద గళ్లు గీసి, ఎక్కడ ఎన్ని సిగ్నల్ గీతలు వస్తున్నాయో నింపారు. వారం రోజులు అదే పని. చాన్నాళ్లకి ఆయన మొహంలో హుషారు చూశాను. ఆఖరికి ఒక కంపెనీ దగ్గర వేలు పెట్టి, "ఇదైతే స్నానాలగదిలో కూడా మోగుతుంది," అన్నారు.

శనివారం మధ్యాహ్నం స్టేషన్ రోడ్డులో ఆ కంపెనీ షాపుకి వెళ్లాం. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మర్యాదగానే ఉంది. నంబర్ అదే ఉంటుందని, సిమ్ మాత్రమే మారుతుందని, మంగళవారమో బుధవారమో పాత సిమ్ ఆగిపోగానే కొత్తది వేసుకోవాలని చెప్పింది.

"మధ్యలో ఎంతసేపు పని చేయదమ్మా?" అని అడిగారాయన.

"ఎంతోసేపు ఉండదండి. రెండు గంటలు, మూడు గంటలు. అంతే."

ముందు ఆయన నంబరొక్కటే మారుద్దామనుకుని వెళ్లాం. ఆ అమ్మాయి కంప్యూటర్లో చూసి, "రెండు నంబర్లూ సార్ పేరు మీదే ఉన్నాయి కదా మేడమ్. కలిపి చేసేస్తే ఒకే పని. మళ్లీ సార్ని తిప్పక్కర్లేదు," అంది.

ఆయన నావైపు చూశారు. ఆయనకి షాపులో అంతసేపు నిలబడటమే కష్టంగా ఉంది. ఇంకోసారి తీసుకురావడం ఎందుకనిపించింది. చేసేయమ్మా అన్నాను. అన్నది నేనే.

ఫోటో తీయాలంది. ఆధార్ కార్డు మీద ఆయన ఫోటో చూసి, ఎదురుగా ఉన్న ఆయన్ని చూసి, కాస్త తటపటాయించి, "ఇది మీరేనాండి?" అంది.

"నేనేనమ్మా," అన్నారాయన నవ్వుతూ. "అప్పుడు కావలసినన్ని నీళ్లు తాగేవాణ్ణి."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఆ కార్డులో ఉన్నది నిండైన మొహం, ఒత్తైన జుట్టు. ఇక్కడున్నది నల్లబడి, కళ్ల కింద ఉబ్బి, బుగ్గలు లోపలికి పోయిన మనిషి. రోజూ చూస్తుంటాను కాబట్టి నాకూ ఆ తేడా అంతవరకూ తట్టలేదు. నాలుగుసార్లు తీశాక గాని కంప్యూటరు ఫోటో తీసుకోలేదు. కొత్త సిమ్‌లు మా చేతిలో పెట్టి పంపింది ఆ అమ్మాయి.

మంగళవారం పొద్దున నేను స్కూలుకి బయల్దేరేసరికి రెండు ఫోన్లలోనూ గీతలు పోయాయి. ఆయన కొత్త సిమ్‌లు వేశారు. కంపెనీ పేరు కనబడింది గాని ఫోను వెళ్లడం లేదు. పదింటికి ఆటోలో షాపుకి వెళ్లొచ్చారట. మధ్యాహ్నం అన్నానికి నేను ఇంటికొచ్చినప్పుడు చెప్పారు.

"ఫోటో కార్డుతో సరిపోలడం లేదట. పై ఆఫీసులో ఎవరో చూసి ఒప్పుకోవాలట. రెండూ నా పేరు మీదే కదా, రెండూ ఆగిపోయాయి. సాయంత్రానికి వచ్చేస్తుందంటోంది."

"సరేలెండి, సాయంత్రం దాకానేగా," అన్నాను.

ఆయన అన్నం కలుపుతూ, "వైజాగ్ అమ్మాయికి పక్కింటి ఫోన్లోంచి ఒక మాట చెప్పేద్దామా? ఈ పూటకి వాళ్ల నంబరు రాసుకోమందాం," అన్నారు.

నేను ఆ రోజు యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకోవాలి. రెండింటికి క్లాసుంది. పక్కింటావిడ దగ్గరికెళ్తే పావుగంట కదలనివ్వదు.

"మూడేళ్లుగా రాని ఫోను ఈ పూటే వస్తుందేంటండీ? మీ చాదస్తం గాని," అన్నాను.

ఆయన సరేనని అన్నం తినసాగారు. నేను చెబితే వినే మనిషి. ఆ రోజు వినకుండా ఉంటే ఎంత బాగుండేదో.

సాయంత్రానికి రాలేదు. బుధవారం కాకినాడలో ఆయన్ని డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టి నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పన్నెండు దాటాక నా బ్యాగులో ఫోను మోగింది. కొత్త కంపెనీ స్వాగతం చెబుతూ పంపిన మెసేజ్. లోపలికెళ్లి చూపిస్తే ఆయన పడుకునే బొటనవేలు ఎత్తి చూపించారు.

గురువారం నాకు మూడో పీరియడ్ ఖాళీ. స్కూలు వరండాలో నిలబడి కోఆర్డినేటరుకి ఫోన్ చేశాను. కంపెనీ మారాం, నంబర్లు పాతవే, ఇకమీదట ఇబ్బంది ఉండదు అని చెబుదామని. ఆ మాటే చెప్పాను కూడా. లైను పోయిందేమోనని హలో అన్నాను.

"మేడమ్," అంది ఆ అమ్మాయి. "మంగళవారం మీకు చేశానండి."

"ఎప్పుడు?"

"రెండున్నర అప్పుడండి. బి పాజిటివ్ డోనర్. సార్ ఆ రోజు లిస్టులో మొదట ఉన్నారు. రెండు నంబర్లూ స్విచాఫ్ వచ్చాయి. ముప్పావుగంట చేస్తూనే ఉన్నాను. మెసేజ్‌లు పెట్టాను. తర్వాత ఇంకొకరికి ఇచ్చేశాం."

ఆ మెసేజ్‌లేవీ మాకు అందలేదు. నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. ఆ అమ్మాయి మాత్రం నన్ను సముదాయిస్తోందని తెలుస్తోంది. "పిలిచినంత మాత్రాన వచ్చేసినట్టు కాదండి. ఆఖరి పరీక్షలో కలవక వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఎంతోమంది. సార్‌కి కూడా కలిసేది కాదేమో," అంది. కలిసేది కాదని ఎవరైనా గట్టిగా చెబితే నేను బతికిపోయేదాన్ని. చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

నా లెక్క నాకు తెలుసు. ఒంటిగంటకి మేం అన్నం తిన్నాం. రెండున్నరకి ఆమె ఫోన్ చేసింది. మధ్యలో గంటన్నర. పక్కింటి గుమ్మానికీ మా గుమ్మానికీ పది అడుగులు.

ఆయనకి చెప్పకుండా ఉండాలనుకున్నాను. రెండు రోజులు ఉండగలిగాను. శనివారం పొద్దున ఆయన కూరగాయ ముక్కలు ఉడకబెట్టి నీళ్లు వారుస్తున్నారు. ఆయన కూర అలాగే చేసుకోవాలి, ఉప్పూ సారమూ అన్నీ పోయేదాకా. వెనకాల నిలబడి చెప్పేశాను. ఆయన చిల్లుల గిన్నె కింద పెట్టి స్టవ్ ఆపారు.

"ఎవరికిచ్చారట?" అన్నారు.

"చెప్పరటండి."

"చిన్నవయసువాళ్లెవరికైనా వెళ్లుంటే బాగుణ్ణు."

"నేనే కదండీ వద్దన్నాను," అన్నాను. నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"నీకేం తెలుసు. నాకు మాత్రం తెలుసా," అని మళ్లీ స్టవ్ వెలిగించారు.

ఆ మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి లోపలికొచ్చేసరికి మంచం కింద బ్యాగు లేదు. లుంగీలు, చొక్కాలు బీరువాలో ఎప్పుడూ పెట్టే చోట మడతపెట్టి ఉన్నాయి. తువ్వాలు దండెం మీద ఉంది. "మళ్లీ సర్దుకోవచ్చులే," అన్నారు నేను అడక్కముందే. మళ్లీ సర్దలేదు.

నేను ఊరుకోలేదు. స్టేషన్ రోడ్డు షాపుకి వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను చూసి, "వచ్చేసింది కదా మేడమ్ సిగ్నలు?" అని సంతోషంగా అడిగింది. ఏం జరిగిందో చెప్పాను. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "నాకు చెప్పలేదు కదండి," అంది, ఏడుపు గొంతుతో. నిజమే. మేం ఎందుకు మారుతున్నామో ఆ పిల్లకి చెప్పలేదు. కంపెనీకి కూడా రాశాను. మీ ఫిర్యాదు పరిష్కరించామని జవాబొచ్చింది. రెండోసారి రాస్తే అదే జవాబు. మూడోసారి రాయడానికి కూర్చుని, ఎవరి మీద రాయాలో తెలియక లేచిపోయాను.

ఆ తర్వాత ఆయన పెద్దగా మారినట్టు పైకి కనబడేది కాదు. డయాలసిస్‌కి వెళ్లేవారు, వచ్చేవారు. కానీ నీళ్ల సీసా లెక్క తప్పింది. కొన్నిరోజులు రెండో సీసా కూడా నింపుకునేవారు. నేను చూసి ఏమండీ అంటే, "దాహం వేస్తోందే," అనేవారు, అంతే. నాకు వద్దనే నోరు లేదు. ఒకసారి వద్దన్నందుకు ఏమైందో చూశాక ఆయన్ని దేనికీ వద్దనలేకపోయాను. అదీ తప్పే. వద్దనాల్సింది. ఒళ్లు నీరు పట్టింది, ఆయాసం మొదలైంది. వానాకాలంలో డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి వాచి జ్వరమొచ్చింది. కాకినాడ ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు. పదోరోజు పొద్దున, నేను ఇడ్లీ తేవడానికి కిందికి వెళ్లినప్పుడు పోయారు. పక్క మంచం ఆవిడ చెప్పింది, ఇబ్బంది పడలేదమ్మా అని. అది నిజమో, నా కోసం అన్నదో అడగలేదు.

రెండు నెలలకి కోఆర్డినేటరు నుంచి ఫోనొచ్చింది. స్కూల్లో ఉన్నాను. సంవత్సరానికోసారి చేయించే పరీక్షల గురించి గుర్తు చేయడానికి చేసింది. ఆమెకి తెలియదు. చెప్పాను. అయ్యో మేడమ్ అంది. తర్వాత డెత్ సర్టిఫికెట్ ఫోటో తీసి పంపమంది, పేరు తీసేయడానికి అది కావాలని. దాని ఫోటో అప్పటికే నా ఫోన్లో ఉంది కాబట్టి వెంటనే పంపాను. అందిందండి అంది.

పెట్టేయబోతుంటే, "మేడమ్, ఒక్కమాట," అంది. "ఇప్పుడు నేను అందరికీ ముందే చెబుతున్నానండి, ఫోన్ మార్చేటప్పుడు మాకో మాట చెప్పమని. రెండు నంబర్లూ ఒకేసారి మార్చొద్దని."

"మంచిపనమ్మా," అన్నాను.

మంచిపనే. ఆ సంగతి నాకూ తెలుసు. ఆమె ఆ మాట నన్ను ఓదార్చడానికే చెప్పిందనీ తెలుసు. నాలో మాత్రం ఏమీ కదల్లేదు. ఎవరికో మేలు జరిగితే సంతోషించే మనిషి ఆయన. నేను అంత మంచిదాన్ని కాదు. బెల్లు కొట్టారు. ఫోను టేబుల్ సొరుగులో పెట్టి తొమ్మిదో తరగతికి వెళ్లాను.